చెయ్యెత్తి మాట్లాడవలెను

2017 మార్చి 20, సోమవారం. ఉదయం 6:10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త మనిషి!

నిన్న సాయంత్రమే విశాఖపట్నం నుంచి దిగాను. రెండు రోజుల శిక్షణ. ఏసీ హాలు, మెడలో పేరు చీటీ, చివర్లో ‘పనిచోట నాయకుడి మాట’ అని సర్టిఫికెట్. పాఠం చెప్పిన సూటు సారు రెండు రోజుల్లో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అయినా వెనక వరస దాకా వినపడింది. (మైకు ఉంది. అది వేరే సంగతి.)

ఇక మా కల్లం. రాయాలంటేనే సిగ్గు. ఎండుచేపల కల్లం. సముద్రం ఒడ్డున ఎకరం ఇసుక, ఇసుక మీద పాత వలలు, వలల మీద ఎండబోసిన నెత్తళ్ళు. ముప్ఫై మంది ఆడవాళ్ళు. ముప్ఫై నోళ్ళు. పక్కన నిలబడ్డ మనిషిని కూడా పడవలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలుస్తారు. నేనూ ఈ ఊళ్ళోనే పుట్టాను, కాదనను. మా నాన్న గొంతు గురించి ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. పడవ మీద నుంచి ఆయన కేకేస్తే ఒడ్డున ఇంట్లో అన్నం వడ్డించేవారట. అదొక గొప్పా? నాకు చిన్నప్పటి నుంచీ తలవంపులు. నేను రాజాంలో ఎంబీఏ చేశాను.

మేనేజరుగా వచ్చి నాలుగు నెలలు. ఒక్కరు ‘సార్’ అనలేదు. మా మేనత్త మరిడమ్మ ఇక్కడ ఇరవై ఏళ్ళుగా మేస్త్రీ. ఆమె లెక్కలో నేను ఇంకా ముక్కు కారే సూరిగాడినే. ఆమె కొడుకు కొండబాబు బస్తాలు కుడతాడు, నాకు బావ. మిగతావాళ్ళంతా పిన్నులు, వదినలు, మామ్మలు. ఇది కల్లమా, పెళ్ళి విడిదా!

అందరికంటే ఘోరం కూర్మమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి. కల్లం చివర బోర్లించిన తెప్ప మీద కూర్చుని, అడ్డపొగ పెట్టుకుని, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పొద్దస్తమానం కొండమూల (పడమర) ఆకాశం చూస్తుంది. అదే ఆమె పని! మబ్బు పడితే చుట్ట తీసి ‘కప్పండ్రో!’ అని ఒక్క కేక. అంతే, ముప్ఫై మందీ చేతిలోది చేతిలోనే పడేసి బరకాలు పట్టుకుని పరుగు. నాలుగు నిమిషాల్లో ఎకరం కప్పేస్తారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఒక సమాచారం లేదు, ఒక చర్చ లేదు. పద్ధతంటూ లేని మనుషులు.

యజమాని హరిబాబు గారు నరసన్నపేటలో ఉంటారు. మొన్న తెగేసి చెప్పారు. “ఏప్రిల్ పదికి అస్సాం లోడు ఎత్తాలి. పదిహేను నించి వేట బందు, మరి సేప రాదు. లోడు సక్కగా ఎత్తేవా, నేను కొత్తగా ఎట్టే కల్లం కూడా నీకే. నేదంటే రెండూ మీ అత్తకే అప్పసెప్పేస్తాను. నువ్వు మరేటైనా సూసుకో.”

అంటే ఇరవై ఒక్క రోజులు. ఏ అలవాటైనా ఇరవై ఒక్క రోజులు చేస్తే ఒంటికి పట్టేస్తుందని సూటు సారు కూడా చెప్పారు. దేవుడే కలిపాడు!

తీర్మానాలు:
1. అరవను. అరవనివ్వను.
2. వరసలు బందు. అందరూ ‘గారు’.
3. రోజూ 4 గంటలకు మీటింగ్.
4. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. నేనైనా సరే.
5. ఒక తప్పు చెప్పాలంటే ముందో మెప్పు, వెనకో మెప్పు.
6. ఆధారం లేని మాట చెల్లదు.


మార్చి 21, మంగళవారం. సాయంత్రం 5:30

బ్రహ్మాండం!

శిక్షణలో ఇచ్చిన పసుపు రబ్బరు బంతి తీసుకెళ్ళాను. దాని మీద నవ్వు మొహం. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మాట కావాల్సినవాళ్ళు చెయ్యెత్తి, బంతి తమ దగ్గరకు వచ్చేదాకా ఆగాలి. పాకకు పలక కూడా కట్టాను: ‘చెయ్యెత్తి మాట్లాడవలెను’. చదవగలిగినవాళ్ళు ఆరుగురు. రాయడం నా ధర్మం, చదవడం వాళ్ళ ఖర్మ.

మరిడమ్మ: “ఒరే సూరీ, ఈ బంతేటిరా? ఆడుకోడానికా?”

“మరిడమ్మ గారూ, ముందు చెయ్యెత్తండి.”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరైనా ఆఫీసరమ్మ వచ్చిందేమోనని.

తర్వాత ఇరవై నిమిషాలు నేను మాట్లాడాను. (బంతి నా దగ్గరే ఉంది.) పెద్దవాళ్ళు పది మంది అడ్డపొగ పెట్టుకుని, నోరు బిగించి, కళ్ళార్పకుండా విన్నారు. ఒక్కరు అడ్డు రాలేదు. ఇంత శ్రద్ధ ఆ ఏసీ హాల్లో కూడా చూడలేదు!

“సందేహాలున్నాయా?”

లేవు. ముప్ఫై మందికీ అర్థమైంది.


మార్చి 22, బుధవారం. మధ్యాహ్నం 1:00

మెప్పు పద్ధతి మొదలు. కొండబాబు గారు (బావ) రెండు గంటలు ఆలస్యం. పాత సూరి అయితే ఊరంతా వినేలా తిట్టేవాడు. నేను ఇలా అన్నాను: “మీ కుట్టు చాలా గట్టిది. రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. మీ చొక్కా బాగుంది.”

బావ మొహం వెలిగిపోయింది. ఫలితం వెంటనే!


మార్చి 23, గురువారం. మధ్యాహ్నం 1:15

బావ మూడు గంటలు ఆలస్యం. అదే చొక్కా.

ఊళ్ళో ఏం చెప్పుకుంటున్నాడంటే, “మా సూరిగాడు నన్ను రెండు మార్లు మెచ్చుకున్నాడు” అట. మధ్యలో మాట ఎక్కడ పోయిందో! ఇలాంటి చెవుల మధ్య నాయకత్వం చెయ్యాలి నేను.


మార్చి 24, శుక్రవారం. సాయంత్రం 6:00

వాట్సాప్ గ్రూపు పెట్టాను. ‘కల్లం టీమ్’. సభ్యులు తొమ్మిది మంది. అందులో నాలుగు ఫోన్లు మొగుళ్ళవి, వాళ్ళు వేటలో ఉన్నారు. ఈ రోజు పని వివరం ఉదయం 7:00కి పెట్టాను, అయిదు అంశాలు. జవాబులు: గులాబీ పువ్వులు మూడు, దణ్ణం ఒకటి, బావ పంపిన సింహాచలం అప్పన్న ఫొటో ఒకటి.

పని మాత్రం జరిగింది. ఎలా జరిగిందని మరిడమ్మ గారిని అడిగాను.

“రోజూ సేసేదే కదరా. నువ్వు సెప్పాలేటి?”

నాయకుణ్ణి చిన్నబుచ్చడం అంటే ఇదే. డైరీలో రాసుకున్నాను, నోరు మెదపలేదు. తీర్మానం 1 భద్రం.


మార్చి 27, సోమవారం. సాయంత్రం 5:45

ఈ రోజు నేను నిజమైన నాయకుణ్ణి. వివరంగా రాస్తాను.

2:20: కూర్మమ్మ కేక. “కప్పండ్రో!” మంచి ఎండలో! ముప్ఫై మందీ పరుగు. ఎకరం కప్పేశారు.

2:24: చినుకు లేదు.

2:50: మబ్బు సముద్రం మీదకి పోయింది. మళ్ళీ బరకాలు తీశారు. అరగంట ఎండ నష్టం!

4:00: మీటింగ్. ఎంత మెత్తగా మాట్లాడానో నాకే ముచ్చటేసింది. “కూర్మమ్మ గారూ, మీ కళ్ళు చాలా చురుకు. ఈ రోజు వాన పడుతుందని చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఏమిటి?” ఫోను తీసి వాతావరణం చూపించాను. వాన అవకాశం: సున్నా.

ఆమె చుట్ట తీసింది. “మబ్బుని నాను పిల్నేదు నాయినా. వస్తే సెప్పాను. పోతే పోనాది.”

“అదే నేనూ చెప్పేది. ఊహలు వద్దు. రేపటి నుంచి మీరు పాకలో కూర్చుని చేపలు ఏరండి. ఆకాశం సంగతి ఫోను చూసుకుంటుంది. మీ ముక్కుపుడక బాగుంది.”

ముందో మెప్పు, వెనకో మెప్పు. ముప్ఫై మంది ముందు. ఒక్క పెద్ద మాట లేకుండా! కూర్మమ్మ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ఇకపై కేక పెట్టినవాళ్ళని ఆ పూటకు ఇంటికి పంపేస్తానని కూడా చెప్పాను.

మరిడమ్మ గారు చెయ్యెత్తారు. 4:30 అయిపోయింది కనుక రేపు అన్నాను.


మార్చి 29, బుధవారం. ఉగాది. ఉదయం 10:00

కల్లానికి సెలవు. కానీ నాయకుడికి సెలవుండదు, ఇంట్లో సాధన చేస్తున్నాను. అవతలి మనిషి అన్న మాటను మనం తిరిగి చెప్తే విన్నట్టు తెలుస్తుందట.

మా ఆవిడ అనూరాధ: “మావిడికాయ తెమ్మన్నాను. ఏదీ?”

“నువ్వు చెప్పేది నాకు అర్థమైంది. నీకు మామిడికాయ కావాలి.”

“అవును. ఏదీ?”

“మామిడికాయ రాలేదని నీకు బాధగా ఉంది.”

ఆమె దగ్గరకొచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. “జొరం నేదే! మరేటి రోగం నీకు?”

చివరకు మామిడికాయ ఆమే తెచ్చుకుంది. పచ్చడిలో వేపపువ్వు నా గిన్నెలోనే ఎక్కువ పడింది. అనుకోకుండా పడిందా? ఆధారం లేదు కనుక అడగలేదు.


మార్చి 31, శుక్రవారం. సాయంత్రం 6:20

ఈ రోజు అరిచాను. కానీ లెక్కలోకి రాదు. కారణాలు:

క) కల్లం బయట అరిచాను. తీర్మానం కల్లానికే.
చ) అరిచింది బస్సు మీద. బస్సు నా కింద పనిచెయ్యదు.
ట) అది అరుపు కాదు, ‘ఆపూ!’ అనే సమాచారం.
త) బస్సు ఆగింది.

నలుగురు కల్లం ఆడవాళ్ళు అదే బస్సులో ఉన్నారు. కిటికీల్లోంచి చూసి నవ్వారు. వాళ్ళు చెయ్యెత్తకుండా నవ్వారని కూడా రాసుకుంటున్నాను.

ఈ వారం ఇద్దర్ని కేక పెట్టినందుకు ఇంటికి పంపాను. ఒకామె పాముని చూసి అరిచింది. పాము ఉందన్నది నిజమే. చెప్పే తీరు బాగాలేదు.


ఏప్రిల్ 3, సోమవారం. సాయంత్రం 5:00

హరిబాబు గారు వచ్చారు! గేటు దగ్గరే ఆగిపోయారు.

“ఇదేటయ్యా, కల్లం గుడిలాగున్నాది! ఎవులూ నేరేటి?”

“అందరూ ఉన్నారండి. మాట్లాడుకోవడం లేదు. సమాచార క్రమశిక్షణ.”

ఆయన మెచ్చుకున్నారు. (మీసం దువ్వుకున్నారు. మెప్పే.) ఆరు రోజుల సరుకు బస్తాల్లో ఉందన్నాను. పది రోజులది ఉండాలి కదా అన్నారు. మార్పు వచ్చేటప్పుడు వేగం కొంచెం తగ్గుతుందని వివరించాను. ఇదివరకు వీళ్ళు ఒకరికొకరు కేకలేసుకుంటూ, ఇటు తిప్పు, అటు పొయ్యి అనుకుంటూ చేసేవారు. ఇప్పుడు చెయ్యెత్తి నన్ను అడిగి తిప్పుతున్నారు. నాణ్యత!

వెళ్ళేటప్పుడు మరిడమ్మ గారు ఆయన వెంటబడ్డారు. “బాబూ, కూర్మమ్మని తెప్ప మీదికి...” అని ఏదో మొదలెట్టారు. “నాలుగింటి మీటింగులో ప్రస్తావించండి మరిడమ్మ గారూ” అని మృదువుగా ఆపాను.

4:00కి బావ బంతి పట్టుకుని గోనె సంచుల మీద ఇరవై నిమిషాలు మాట్లాడాడు. బంతి వాళ్ళమ్మ దాకా రాలేదు. ఆమె అంశం మినిట్స్‌లో రాశాను. ఏడో అంశం: ‘కూర్మమ్మ - తెప్ప - తర్వాత’.


ఏప్రిల్ 6, గురువారం. మధ్యాహ్నం 12:40

గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటోంది. మింగిన తిట్లు కావచ్చు.

బావ ఈ రోజు బస్తాలు తలకిందులుగా కుట్టాడు. “మీ దారం రంగు చక్కగా ఉంది” అన్నాను. రెండో మాట రాలేదు. మధ్యలో చెప్పాల్సింది చెప్పకుండానే “మీ సూది కూడా బాగుంది” అని ముగించి, పాక వెనక్కి వెళ్ళి, ఖాళీ ఐసు పెట్టె మూత తీసి, తల లోపల పెట్టి రెండు నిమిషాలు నాకు తెలిసినవన్నీ అన్నాను. మా నాన్న నేర్పినవి కూడా.

తల బయటికి తీస్తే కూర్మమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

“సేపలకేనా సెప్తన్నావు నాయినా?”

ఐసు పెట్టెలో అరిచింది లెక్కలోకి రాదు. మూత సగం వేసే ఉంది.

ఇంకా నాలుగు రోజులు. లోడు కోసం ఆఖరి సరుకు ఎండుతోంది. లోడులో సగం అదే. శనివారం సాయంత్రానికి ఎత్తేస్తే చాలు, కొత్త కల్లం నాది. అక్కడ గోడలకి రంగు వేయిస్తాను. తలుపు మీద పేరు.


ఏప్రిల్ 8, శనివారం. మీటింగ్ మినిట్స్ (నేరుగా రాస్తున్నాను)

4:00: అందరూ హాజరు. పాక కింద. ఎకరం నిండా నెత్తళ్ళు, గలగలలాడుతున్నాయి. ఫోనులో వాన అవకాశం: సున్నా.

4:02: బంతి కొండబాబు గారికి. అంశం: గోనె సంచులు పాతవి.

4:06: ఇంకా గోనె సంచులే.

4:07: మరిడమ్మ గారు చెయ్యెత్తారు. “మీ వంతు వస్తుంది” అని సైగ చేశాను.

4:09: కూర్మమ్మ గారు కూడా చెయ్యెత్తారు! ఆమె చెయ్యెత్తడం ఇదే మొదటిసారి. మార్పు అంటే ఇది!

4:11: ఎనిమిది చేతులు. కొండబాబు గారు బొబ్బిలిలో దొరికే సంచుల గురించి చెప్తున్నారు. మధ్యలో ఆపడం పద్ధతి కాదు.

4:13: ముప్ఫై చేతులు! వంద శాతం! సూటు సారు చూసి ఉంటే కళ్ళ నీళ్ళు పెట్టుకునేవారు. ఫొటో తీశాను. స్టేటస్‌లో పెడుతున్నాను.

4:14: కొంచెం గాలి. ఫొటో వెళ్ళడం లేదు, సిగ్నల్

4:15: పేజీ మీద ఏదో పడిం


అదే రోజు. సాయంత్రం 6:40

సిరా అలుక్కుపోయింది. మిగతాది కొత్త పేజీలో.

నేను ఫొటో తీసినప్పుడు కొండమూల నా వీపు వెనక ఉంది. ముప్ఫై మందీ దాన్ని చూస్తున్నారు. నేను వాళ్ళ చేతుల్ని లెక్కపెడుతున్నాను.

చినుకు పడగానే తిరిగి చూశాను. ఆకాశం సగం లేదు. లేచాను. నోరు తెరిచాను. అరవాలి. ఒక్క మాట. ఊళ్ళో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలిసిన మాట. నా నోట్లోంచి వచ్చింది ఇది:

“దయచేసి అందరూ...”

దయచేసి!

డైరీలో పెట్టిన హాజరు కాగితాలు ఎగిరిపోయాయి. అప్పుడు మరిడమ్మత్త అరిచింది. “కప్పండ్రో!” పరిగెత్తారు. ఈదురుగాలికి బరకాలు చేతుల్లో నిలవలేదు. కొండబాబు బంతి పారేసి పరిగెత్తాడు. కూర్మమ్మ కూడా, ఆ వయసులో, బరకం కొంగు పట్టుకుని ఇసుకలో బోర్లా పడింది. పావుగంట వాన. అంతే. వెంటనే ఎండ కాసింది, వెక్కిరించడానికి వచ్చినట్టు.

మూడొంతుల సరుకు తడిసి ముద్ద. కోళ్ళ మేతకి తప్ప పనికిరాదు.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అదే భరించలేకపోయాను. నేనే మొదలెట్టాను. అరిచాను కూడా. “మబ్బు కనిపిస్తుంటే ముప్ఫై మందిలో ఒక్కరికి నోరు లేదా?”

మరిడమ్మత్త తడిసిన చీర పిండుకుంటూ వచ్చింది. మెల్లగా మాట్లాడింది. ఆమె మెల్లగా మాట్లాడటం నేను పుట్టాక వినలేదు.

“ఎనిమిది నిమిసాలు సెయ్యెత్తి ఉన్నానురా. నా సెయ్యి సూసావు. నా మొకం సూణ్ణేదు.”

“అరవొచ్చు కదా అత్తా!”

“అరుద్దునే. ముప్పై మంది ముందర నీ మాట నానే తీసేస్తే నువ్వు సిన్నబోతావని ఆగాను. హరిబాబుకి సెప్పి నిన్నీ పనిలో ఎట్టించింది నాను కదేటి? మా అన్న కొడుకు, సదువుకున్నాడు, ఎట్టండి బాబూ అని ఆరు నెల్లు ఆయన గుమ్మం సుట్టూ తిరిగేను.”

నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నా ఎంబీఏ సర్టిఫికెట్ చూసి ఇచ్చారనుకున్నాను.

ఇరవై ఏళ్ళు ఎకరం ఇసుకను ఒక్క చినుక్కి కూడా తడవనివ్వని మనిషి, నా పరువు కోసం ఎనిమిది నిమిషాలు చెయ్యెత్తి నిలబడింది. నేనా చేతికి ఫొటో తీసుకున్నాను. నా మొహానికి నాయకత్వం కూడానా! సిగ్గుగా ఉంది.


ఏప్రిల్ 10, సోమవారం. ఉదయం 11:00

ఇరవై ఒకటో రోజు. సగం లోడు ఎత్తారు.

హరిబాబు గారు లారీ పక్కన నిలబడి నన్ను తిట్టారు. రెండు నిమిషాలు పట్టింది. ముందు మెప్పు లేదు, వెనక మెప్పు లేదు, బంతి లేదు. ప్రతి అక్షరం అర్థమైంది.

రెండు కల్లాలూ మరిడమ్మత్తకి. నన్ను ఇంటికి పొమ్మన్నారు. అత్త అడ్డుపడింది.

“ఈణ్ణి నాకొగ్గెయ్ బాబూ. కూర్మమ్మకి కళ్ళు మసకలొచ్చేస్తన్నాయి. తెప్ప మీద ఒకడుండాలి.”

“ఎంబీయే సదివినోడు మబ్బులు సూస్తాడేటి?”

“నేర్సుకుంటాడు.”

ఇంట్లో అనూరాధ అంతా విని, “నువ్వు సెప్పేది నాకు అర్దమైనాది. నీకు బాదగా ఉన్నాది” అంది. ఈ ఇంట్లో శిక్షణ వంటబట్టింది ఆమెకే.


ఏప్రిల్ 12, బుధవారం. సాయంత్రం 5:10

తెప్ప మీద రెండో రోజు. పక్కన కూర్మమ్మ మామ్మ. నిన్నంతా ఒక్క మాట చెప్పలేదు. చుట్ట నోట్లో పెట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చుంది, నేనూ చూశాను. ఈమెకు పాఠం చెప్పడం రాదు అనుకున్నాను మొదట. మధ్యాహ్నానికి, ఆమె చూపు ఎక్కడ ఆగుతోందో గమనిస్తే తెలిసింది, మబ్బుల్లో ఉత్తవి వేరు, పనున్నవి వేరు. కిందంచు చూడాలి. చదునుగా ఉంటే పనుంది. ఇది ఫోనులో లేదు.

ఈ రోజు 3:35. కొండమూల చిన్న మరక. కిందంచు చదును. ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

చెప్పాలా? తప్పైతే? ముప్ఫై మంది నవ్వుతారు. గాలి తిరిగింది. కింద కల్లంలో వేట బందుకు ముందు వచ్చిన ఆఖరి చేప.

లేచి నిలబడ్డాను.

“కప్పండ్రోఓఓ!”

నా గొంతే! నాకే భయమేసింది. ముప్ఫై మందీ చేతిలోది పడేసి పరిగెత్తారు. నా కేకకి! ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగు నిమిషాల్లో ఎకరం కప్పేశారు. నాలుగు నెలల్లో మొదటిసారి నేను చెప్పిన మాట చెప్పినట్టు చేరింది.

3:55: చినుకు లేదు.

4:10: మబ్బు సముద్రం మీదకి పోయింది.

చెవులు కాలిపోయాయి. మరిడమ్మత్త కల్లం మధ్యలో నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఊరంతా వినేలా అడిగింది:

“ఆదారం ఏటండీ, సూరి గారూ?”

ఎకరం ఇసుకా నవ్వింది. చేతులెత్తి మరీ నవ్వారు. బావ రెండు చేతులూ ఎత్తాడు. తెప్ప మీద అలాగే నిలబడ్డాను. కూర్మమ్మ మామ్మ చుట్ట తీసింది. రెండు రోజుల్లో మొదటి మాట.

“మబ్బుని మనం పిలుస్తామేటి? వస్తే సెప్తాం. పోతే పోతాది.” చుట్ట మళ్ళీ పెట్టుకోబోయి ఆగింది. “మీ అయ్య గొంతే నీది.”

కళ్ళు తుడుచుకున్నాను. చుట్ట పొగ వల్లే.


ఏప్రిల్ 13, గురువారం. ఉదయం 6:10

కొత్త పేజీ. పెన్ను పాతదే.

ఇరవై ఒక్క రోజులు. ఈ రోజు ఒకటో రోజు. తీర్మానాలు:
1. అరుస్తాను.
2. అత్త అత్తే. బావ బావే. బావ ఆలస్యంగా వస్తే ఆ ఒక్క మాటే, చొక్కా ఊసు వద్దు.
3. చెయ్యి కనిపిస్తే ముందు మొహం చూడాలి.
4. మబ్బు కిందంచు చూడాలి.
5. మీటింగులు లేవు.

(వారానికి ఒకటి పెట్టుకోవచ్చేమో. చిన్నది. కేకలు ఎప్పుడు, ఎంత గట్టిగా వెయ్యాలో ఒక పద్ధతంటూ లేదు ఈ కల్లంలో. బంతి ఇసుకలో దొరికింది, కడిగి సంచిలో పెట్టాను. అత్తను చెయ్యెత్తి అడుగుతాను.)